పదో పేరు

ధనరాజు గారు మా ఇంటి గుమ్మం తొక్కడం నాకు తెలిసి ఒక్కసారే జరిగింది. నా పదో తరగతి రిజల్టు వచ్చిన మే నెలాఖరులో, ఆ ఏటి వానలు పట్టుకున్న కొత్తలో. రేకుల మీద వాన మోతకి బయట పిలుపు కూడా వినపడలేదు. అమ్మ తలుపు తీసేసరికి ఆయన ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో మిఠాయి డబ్బా పట్టుకుని, బురద చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక నిలబడి ఉన్నారు.

మా కేవడా నాలాలో ఆయన ఎవరింటికీ వెళ్లరు. అందరూ ఆయన దగ్గరికే వెళతారు. పోర్ట్ బ్లెయిర్‌కి ఉత్తరాన దీవుల్లో, మాయాబందర్‌లో బస్సెక్కితే గంటలోపు వచ్చే ఊరు మాది. రోడ్డుకి పైన బెంగాలీలు, అడవి పనులకొచ్చిన రాంచీవాళ్లు. కింద జెట్టీ పక్కన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మా చేపలవాళ్ల ఇళ్లు. ఊళ్లో ఐసు ఫ్యాక్టరీ ధనరాజు గారిది. జెట్టీ కాంట్రాక్టూ ఆయనదే. ఆయన ఐసు ఇవ్వకపోతే మా నాన్న అసిరయ్య పట్టిన చేప మాయాబందర్ బజారు చేరేలోపే పాడైపోతుంది. అందుకే ఆయన్ని చూడగానే నాన్న మంచం మీంచి లేచి, లుంగీ కిందికి దించుకుని, ఇంట్లో ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీని తన తువ్వాలుతోనే తుడిచాడు.

"కూకోండి బాబూ. కబురెడితే నానే వచ్చీసేవోడిని కాదేటి."

"పరవాలేదు అసిరయ్యా. పాపకి బధాయీ చెప్పి పోదామని. మ్యాథ్స్‌లో స్కూల్ ఫస్టంట కదా!"

నాకు తొంభై ఆరు వచ్చాయి. ఆ తొంభై ఆరు గురించే మా ఇంట్లో అప్పటికి కొన్నాళ్లుగా గొడవ నడుస్తోంది. నేను పదకొండులో మ్యాథ్స్ తీసుకుంటానన్నాను. నాన్న బయాలజీ అన్నాడు. మా ఊళ్లో సైన్సు తీసుకున్న మగపిల్లలు మ్యాథ్స్‌లోకి వెళతారు, ఆడపిల్లలు బయాలజీలోకి వెళతారు. ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు, ఎవరూ తప్పిందీ లేదు. మగపిల్లాడు బయాలజీ అంటే నవ్వుతారు. ఆడపిల్ల మ్యాథ్స్ అంటే నవ్వరు, "ఎందుకూ?" అంటారు. 

"నర్సు పనికి బయాలజీ కావాల. నర్సయితే ఇక్కడిక్కడే ఉజ్జోగం, కళ్లముందరుంటావు," అనేవాడు నాన్న. "మ్యాథ్స్ సదివి ఏటి సేస్తావు, సెప్పు?"

నా దగ్గర జవాబు ఉంది. పైకి చెబితే నాన్న నవ్వుతాడని చెప్పలేదు. అంతకుముందు డిసెంబర్లో పోర్ట్ బ్లెయిర్ నుంచి ఒక ఇంజనీరమ్మ మా జెట్టీ చూడటానికి వచ్చింది. చిన్నదే, మా స్కూలు టీచర్లకన్నా చిన్నది. నెత్తిన హెల్మెట్టు, చేతిలో టేపు. కొత్తగా పోసిన స్లాబు మీద ఒకచోట కూర్చుని గీత గీసి, "ఇది పగలగొట్టి మళ్లీ పోయండి," అంది. ధనరాజు గారు చేతులు కట్టుకుని "జీ మేడమ్, జీ మేడమ్" అన్నారు. ఊరంతా ఎవరి ముందు వంగుతుందో ఆయన ఒక ఆడపిల్ల ముందు వంగడం నేను వల ఆరేస్తూ చూశాను. ఆమె వెళ్లేటప్పుడు పరుగెత్తి అడిగాను, "దీదీ, ఇది చదవాలంటే ఏం తీసుకోవాలి?" అని. "మ్యాథ్స్ వదలకు," అంది. అంతే.

ఆ ధనరాజు గారే ఇప్పుడు మా కుర్చీలో కూర్చుని నాన్నతో అంటున్నారు: "ఇన్ని మార్కులొచ్చిన పిల్లని తీసుకెళ్లి బయాలజీలో పడేస్తావా? బర్బాద్ చేస్తావా అసిరయ్యా? రోజులు మారాయి. ఈ రోజుల్లో ఆడేంటి, మగేంటి?"

నేను లోపలి గది పరదా వెనక నిలబడి విన్నాను. దేవుడే ఇంటికొచ్చినట్టు అనిపించింది. తరవాత ఆయన అసలు సంగతి చెప్పారు. దాచలేదు కూడా. మా స్కూల్లో మ్యాథ్స్ తీసుకునే పిల్లలు ఏటికేడు తగ్గుతున్నారు. ఈసారి పదిమంది లేకపోతే సెక్షన్ ఎత్తేసి సారుని వేరే స్కూలుకి మారుస్తామని పైనుంచి చెప్పారు. మగపిల్లలు ఏడుగురే తేలారు. అందులో ధనరాజు గారి ఒక్కగానొక్క కొడుకు తిరుమలేష్ ఒకడు. సెక్షన్ పోతే వాణ్ని పోర్ట్ బ్లెయిర్ హాస్టల్లో పెట్టాలి. తొమ్మిదిలో ఒకసారి పెట్టారు, జ్వరాలతో చిక్కి సగమై తిరిగొచ్చాడు.

"వాళ్లమ్మ అచ్చమ్మ మళ్లీ పంపితే ఊరుకోనంటోంది," అన్నారాయన. "స్వాతి వాళ్ల నాన్నతో మాట్లాడాను, సరేనన్నాడు. ఆ టొప్పోవాళ్లమ్మాయి సుష్మ చేరుతోంది. పదో పేరు మీ లహరిది."

పొయ్యి దగ్గర టీ మరగబెడుతున్న అమ్మ వెనక్కి తిరగకుండానే అడిగింది. "మరి ఆ తరవాతో బాబూ?"

"తరవాతేముందమ్మా, చదువుకుంటుంది," అని ఆయన నవ్వారు.

నాన్న గొడుగు పట్టి ఆయన్ని రోడ్డుదాకా దిగబెట్టాడు. అక్కడ ఇద్దరూ వానలో ఒకే గొడుగు కింద చాలాసేపు మాట్లాడుకున్నారు. ఐసు సంగతేమో అనుకున్నాను. నాన్న తడిసి లోపలికొచ్చి, తల తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా, "సరే, మ్యాథ్సే తీసుకో," అన్నాడు.

నేను అమ్మని వాటేసుకుని గిర్రున తిప్పేశాను. మా అమ్మ దేముడమ్మ అంత తొందరగా సంతోషపడే మనిషి కాదు. "ఒలే, వదలే," అని విడిపించుకుని, మిఠాయి డబ్బా వైపు చూసి, "ఇంత వానలో నీ సదువు కోసవే వచ్చినాడంటావా?" అంది.

జూన్‌లో స్కూలు తెరిచిన రోజు పెద్ద మీటింగు పెట్టారు. మేం ముగ్గురం ఆడపిల్లలం ముందు వరసలో కుర్చీల్లో కూర్చున్నాం. స్వాతి తండ్రికి జెట్టీ రోడ్డులో కిరాణా కొట్టు. అది నాకు చిన్నప్పట్నుంచీ స్నేహితురాలు, లెక్కలంటే దానికి తలనొప్పి. సుష్మ నాన్న అడవి కూలీ, నెలలో సగం రోజులు క్యాంపులోనే ఉంటాడు. సుష్మ ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. ధనరాజు గారు మైకు పట్టుకుని, "హమారీ బేటియా కిసీసే కమ్ నహీ," అన్నారు. మన ఆడపిల్లలు ఎవరికీ తీసిపోరట. అందరూ చప్పట్లు కొట్టారు. మగపిల్లలు మ్యాథ్స్ తీసుకుంటే ఎవరూ ఎప్పుడూ చప్పట్లు కొట్టలేదు కదా అని నాకు ఆ రోజు తట్టలేదు. నేనూ కొట్టాను, గట్టిగా.

మ్యాథ్స్ చెప్పేది బిశ్వాస్ సారు. మొదటి వారం ఆయన బోర్డు మీద లెక్క వేసి వెనక్కి తిరిగి, మగపిల్లల వైపే చూసి "ఎవరు చెబుతారు?" అనేవాడు. మా వైపు తల తిరిగేది కాదు. ఆయన చెడ్డవాడేం కాదు, మెడకి అదే అలవాటు. నేను చెయ్యెత్తేదాన్ని. చూసేవాడు కాదు. ఒకరోజు చెయ్యెత్తడం మానేసి లేచి జవాబు చెప్పేశాను. ఆయన చాక్‌పీసు పట్టుకుని నిలబడిపోయాడు. "ఎలా వచ్చింది?" అన్నాడు. బోర్డు దగ్గరికెళ్లి చేసి చూపించాను. ఆ తరవాత మెడ కొంచెం కొంచెంగా ఇటు తిరగడం నేర్చుకుంది.

ఆ రోజులు ఎలా గడిచాయో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది, అంత బాగా గడిచాయి. మైనస్ ఒకటికి వర్గమూలం లేదని పదో తరగతిదాకా చెప్పుకొచ్చారు. ఇక్కడికొచ్చాక సారు తాపీగా, "ఉందనుకుందాం," అని మొదలుపెట్టాడు. ఉందనుకుందాం! ఎవరినీ అడక్కుండా, ఎవరి సంతకం లేకుండా, అనుకుంటే చాలు, దాని మీద ఒక లోకమంతా కట్టేయొచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఇంటికొచ్చి చేపల బుట్టలు కడుగుతూ కూడా అదే ధ్యాస. నాన్న చూసి, "ఏటే, నీలో నువ్వే నవ్వుకుంటన్నావు," అనేవాడు. ఆయన కూడా నవ్వేవాడు. ఆ నవ్వు నాకు బాగా గుర్తు.

తిరుమలేష్ నా వెనక బెంచీలో కూర్చునేవాడు. మెత్తని పిల్లాడు. లెక్క ఇస్తే పెన్ను కొరికేవాడు. సారు అటు తిరగ్గానే పుస్తకంలో పీతలు గీసేవాడు. ఆటుకి నీళ్లు తీసినప్పుడు రాళ్ల మధ్య దొరికే ప్రతి పురుగూ, ప్రతి గవ్వా వాడికి పేరుతో సహా తెలుసు. ఒకరోజు ఇంటర్వెల్‌లో బయాలజీ గది కిటికీ బయట నిలబడి లోపలి బొమ్మలు చూస్తున్నాడు.

"నీకు బయాలజీ ఇష్టం కదా, తీసుకోవలసింది," అన్నాను.

"పాపాని అడిగాను. 'చూడీ పెహన్ లే' అన్నాడు." వాళ్ల నాన్న గాజులు తొడుక్కోమన్నాడట. "నువ్వు నా లెక్కలు చెయ్యి, నేను నీకు ఏం చెయ్యను? నీకు బయాలజీ లేదు కదా యార్," అని నవ్వాడు. వాడికి అర్థమయ్యేదాకా లెక్కలు చెప్పేదాన్ని. సగం రోజులు అర్థమయ్యేది కాదు.

ఆగస్టు చివర్లో పైనుంచి ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. క్లాసులో నిలబడి హాజరు పట్టీ తీసుకుని ఒక్కొక్క పేరూ పిలిచాడు. నాది ఆఖరు. "లహరి." "ప్రెజెంట్ సర్." "పూరే దస్," అన్నాడు, పదీ ఉన్నాయని. సెక్షన్ ఇక రెండేళ్లు ఎవరూ కదపరట. ధనరాజు గారు అందరికీ సమోసాలు పంచారు. మా ముగ్గురినీ ముందు నిలబెట్టి ఫోటో తీశారు. సాయంత్రానికి ఆ ఫోటో ఊళ్లో అందరి ఫోన్లలోకీ వెళ్లింది. నాన్న ఎవరి ఫోన్లోనో చూసి, "నా కూతురే," అన్నాడట. గణేష్ మామ చెప్పాడు. గణేష్ మామంటే అమ్మ తమ్ముడు, నాన్నతో డింగీ పడవ మీద చేపల వేటకెళతాడు.

ఆ తరవాతి శనివారం. స్కూలు నుంచి తడుస్తూ ఇంటికొచ్చాను. నాన్న ఆ రోజు వేటకి వెళ్లలేదు, బస్సెక్కి మాయాబందర్ వెళ్లొచ్చాడు. నేలమీద బాసింపట్టు వేసుకుని, పాత క్యాలెండరు కాగితంతో పుస్తకానికి అట్ట వేస్తున్నాడు. వల తాళ్లు కోసి కోసి పగిలిన వేళ్లు ఆయనవి. ఆ వేళ్లతో మడత మీద మడత, గోరుతో నొక్కి నొక్కి, ఎక్కడా ముడత పడకుండా వేస్తున్నాడు. పక్కన అప్పటికే అట్ట వేసినది ఇంకొకటి ఉంది. దాని పక్కన ప్రాక్టికల్ రికార్డు, కప్పల్ని కోసే చిన్న కత్తుల పెట్టె. వానకి తడవకుండా అన్నీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చినట్టున్నాడు, కవరు తలుపుకి ఆరేసి ఉంది.

"ఇవెవరికి నాన్నా?"

"నీకే తల్లీ. లెక్క అయిపోనాది కదా. కాయితం మీద సంతకం ఎట్టీసినాను. సోమారం నించి అటు కూకోమన్నారు పెద్దసారు." అట్ట వేసిన పుస్తకం నా వైపు ఎత్తి పట్టుకున్నాడు. "బాగా వచ్చిందా?"

బాగా వచ్చింది. నేను అదే చెప్పాను, "బాగా వచ్చింది," అని. బ్యాగు దించి, తడి బట్టలు మార్చుకుని వచ్చాను. అప్పటికి అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి నాన్న ముందు నిలబడింది.

"ఆయేల గొడుగు కింద మాటాడుకున్నది ఇదేనేటి?"

"మరేటి. పిల్ల పేరు రాయించు, లెక్క అయ్యాక బయాలజీలోకి నానే మార్పిస్తాను, సీటు పోదు అన్నారు బాబు. మాటన్నాక మాట. నిలబెట్టుకున్నారు."

"నాకెందుకు సెప్పలేదు? దానికెందుకు సెప్పలేదు?"

"సెప్తే సదివేదేటి అది?" నాన్న నా వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నట్టే ఉంది. "నిన్ను మోసం సెయ్యలేదు తల్లీ. నీ సరదా కూడా తీరింది కదా నాలుగు దినాలు."

నేను మ్యాథ్స్ మాననన్నాను. సోమవారం పోననన్నాను. అన్నం తిననన్నాను. ఆ మాటలన్నీ అయ్యాక, తెల్లారి ఆదివారం, ఒక్కదాన్నే ఐసు ఫ్యాక్టరీకి వెళ్లాను.

ధనరాజు గారు షెడ్డులో నిలబడి పనివాళ్ల చేత దిమ్మలు లారీకి ఎక్కిస్తున్నారు. తిరుమలేష్ పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఆయన, "రా పాపా. ఐసు కావాలా? మీ నాన్న పంపాడా?" అన్నారు.

"నన్ను బయాలజీలో పడేస్తే బర్బాద్ అన్నారు మీరు. మా ఇంట్లో, మా నాన్నతో."

ఆయన చెయ్యెత్తి పనివాళ్లని ఆపమన్నారు. కసరలేదు. "అన్నానమ్మా. అబద్ధమేం కాదు. నీకు బుర్ర ఉంది. కానీ నువ్వు నా పిల్లవి కాదు కదా. మీ నాన్నకి మాటిచ్చాను, లెక్క అయ్యేదాకానే అని. ఆ మాట తప్పలేదు నేను."

"మరి నాకు ఇచ్చిన మాట?"

"నీకా?" అన్నారాయన.

వెటకారంగా అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయారు. నాకు కూడా ఒక మాట ఇచ్చి ఉండొచ్చన్న ఆలోచన ఆయనకి అప్పుడే మొదటిసారి వచ్చినట్టుంది. వచ్చి, వెంటనే పోయింది కూడా. "వెళ్లమ్మా, వెళ్లి చదువుకో. నర్సు అంటే తక్కువా ఏంటి?" అని పనివాళ్లకి చెయ్యి ఊపారు.

అప్పుడు తిరుమలేష్ లేచాడు. వాళ్ల నాన్న వైపు తిరిగాడు. "పాపా, నేను బయాలజీకి వెళ్తాను. లహరి మ్యాథ్స్‌లో ఉండనీ. నాకు రాదు పాపా. తనకి వచ్చు."

చెంప మీద పడిన దెబ్బ మోటారు చప్పుడులో కూడా వినపడింది. పనివాళ్లు దిమ్మ మోస్తూ తలలు అటు తిప్పుకున్నారు. వాడు ఏడవలేదు. మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు. ధనరాజు గారి ముఖం మాత్రం దెబ్బ తిన్నది తనేనన్నట్టు ఎర్రబడిపోయింది.

ఇంటికొచ్చి అమ్మతో అన్నాను, "నువ్వైనా నాన్నతో గట్టిగా చెప్పవే. సంతకం వెనక్కి తీసుకోమను."

అమ్మ చేపలు తోముతోంది. "మీ నాన్నతో కొట్లాడగలను. రాత్రంతా కొట్లాడినాను, నువ్వు తొంగున్నావు. నా మాట ఇనేలాగే ఉన్నాడు. పొద్దున లేచి ఏటన్నాడు? ఇప్పుడు కాదంటే బాబు ఐసు ఆపేత్తారు అన్నాడు. ఐసుతో నానేటి కొట్లాడగలనే?"

ఐసు ఆపుతామని ధనరాజు గారు ఎప్పుడూ అనలేదు. ఆ మాట ఎవరూ అనక్కర్లేదు.

సోమవారం ప్రిన్సిపాల్ దగ్గర నిలబడ్డాను. ఆయన నాన్న సంతకం చూపించి హిందీలో, "నేనేం చేయను బేటా, గార్డియన్ ఇష్టం," అన్నాడు. నేను బయాలజీ గదిలోకి వెళ్లాను. స్వాతి నాకన్నా ముందే వచ్చి కూర్చుని ఉంది. "బచ్ గయే యార్!" అంది నవ్వుతూ, బతికిపోయామని. దాని మీద నాకు కోపం రాలేదు. అది నిజంగానే బతికిపోయింది.

సుష్మ మాత్రం రాలేదు. వాళ్ల నాన్న అడవి క్యాంపులో ఉన్నాడు, సంతకానికి దొరకలేదు. దొరికాక ఎవరూ వెంటపడలేదు, రాంచీ కూలీ కూతురు ఎక్కడ కూర్చుంటే ఎవరికేం? ఆ రెండేళ్లూ అది ఏడుగురు మగపిల్లల మధ్య ఒక్కతే కూర్చుని చదివింది. ల్యాబులో జంటలుగా నిలబడమంటే దానికి జంట ఉండేది కాదు. అయినా పాసైంది. మొదట్లో దాన్ని చూస్తే జాలేసేది. తరవాత్తరవాత అసూయగా ఉండేది. నా గురించి అంతమంది పట్టించుకోకపోయుంటే నేనూ అక్కడే ఉండేదాన్ని.

మిగతాది చెప్పడానికి పెద్దగా లేదు. నేను బయాలజీలో మంచి మార్కులతోనే పాసయ్యాను. ఇప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో నర్సింగు రెండో ఏడు. పని నేర్చుకున్నాను, బాగానే చేస్తాను, ఎవరైనా అడిగితే ఇష్టమనే చెబుతాను. తిరుమలేష్ పన్నెండులో మ్యాథ్స్ తప్పాడు. మళ్లీ రాసి మళ్లీ తప్పాడు. ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీలో అదే స్టూలు మీద కూర్చుంటున్నాడు. వాడు గట్టెక్కితే చాలనుకున్న సెక్షన్ మా పన్నెండో తరగతి అయిపోయిన ఏడు ఎత్తేశారు. ఆ ఏడు పదిమందిని పోగెయ్యడానికి ఎవరి కొడుకూ లేడు. కాబట్టి ఏ ఆడపిల్ల ఇంటికీ ఎవరూ మిఠాయి డబ్బా పట్టుకెళ్లలేదు.

కానీ ఆ వానాకాలం నాకు ముగిసింది సెప్టెంబర్లో కాదు. అక్టోబర్‌లో, వానలు వెనకబట్టి సముద్రం కాస్త తేటపడ్డ ఒక పొద్దున.

ఆ పొద్దున నాన్నవాళ్లకి వంజరం బాగా పడింది. చాన్నాళ్లకి అంత వేట. జెట్టీ మీద కాటా వేస్తే నూట నలభై మూడు కిలోలు తూగింది. పడవ మీద ముగ్గురు: నాన్న, గణేష్ మామ, ఇంకొక బెంగాలీ భయ్యా. మనిషికి ఒక పాలు, వలకి ఒక పాలు, పడవకి ఒకటిన్నర పాలు. ఎప్పుడైనా అంతే. ఆరో తరగతి నుంచీ ఆ పంపకం నోటితో చెప్పేది నేనే. కాటా ముల్లు నిలబడగానే నాన్న నా వైపు తిరగడం, నేను చెప్పడం, వాళ్లు బుట్టల్లోకి తూచుకోవడం. కాగితం అక్కర్లేదు.

నాన్న నా వైపు తిరిగాడు. గడ్డం మీద ఉప్పు తెల్లగా మెరుస్తోంది. ఆ మధ్య నేను ఆయనతో మాటలు తగ్గించేశాను, అందుకని కొంచెం మొహమాటంగా, కొంచెం సంబరంగా అడిగాడు. "సెప్పు తల్లీ. పాలుకెంత?"

ఆయన నోరు మూసేలోపే నా తలలో లెక్క అయిపోయింది. పాలుకి ఇరవై ఆరు. పడవకి ముప్పై తొమ్మిది. శేషం లేదు.

"నాకు రాదు," అన్నాను.

"ఏటి?"

"లెక్కలు నాకు రావు నాన్నా. నేను బయాలజీ పిల్లని."

గణేష్ మామ హాస్యమనుకుని పెద్దగా నవ్వాడు. నా ముఖం చూసి ఆపేశాడు. నాన్న గొంతుక్కూర్చుని, పెంకుముక్కతో జెట్టీ సిమెంటు మీద గీతలు గీయడం మొదలుపెట్టాడు. పదులకి పెద్ద గీతలు, ఒకట్లకి చిన్న గీతలు. సగం పాలు దగ్గరికొచ్చేసరికి తప్పింది. అరికాలితో తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ తప్పింది. బెంగాలీ భయ్యా వేళ్లు మడుస్తూ పక్కన కూర్చున్నాడు. ఎండెక్కుతోంది. చేపల కింద ఐసు కరిగి నీళ్లు వాళ్ల గీతల మీదికే పారుతున్నాయి.

అమ్మ బుట్ట పట్టుకుని కాటా అవతల నిలబడి ఉంది. 'చెప్పవే' అంటుందనుకున్నాను. అంటే చెప్పేసేదాన్నేమో. అనలేదు. బుట్ట కింద పెట్టి, వచ్చి నా పక్కన నిలబడింది.

నాన్న మూడోసారి తుడిచి, తలెత్తకుండా, "ఒరే గణేసూ, ఫ్యాక్టరీలో గుమస్తా ఉంటాడు, పిలుసుకు రారా," అన్నాడు.